పందొమ్మిది పేర్లు

ఆ వార్తలోంచి పందొమ్మిది మంది పేర్లు కొట్టేసింది నేనే. ఈ సంగతి తెలిసినవాళ్లు ఊరు మొత్తం మీద నలుగురు. మిగతావాళ్లకి కూడా తెలిసి ఉంటే, మా ఆయనకి బ్యాంకువాళ్లు మళ్లీ బదిలీ ఇచ్చేదాకా ఆగకుండా, నేనే రావులపాలెం వెళ్లి హైదరాబాదు బస్సు ఎక్కేసేదాన్ని.

ఆయన బదిలీ మీదే కోనసీమ వచ్చాం. అమలాపురానికీ కొత్తపేటకీ మధ్య, కాలవ గట్టు మీద చిన్న ఊరు. మేడ మీద వాటాలో మేం, కింద ఇంటివాళ్లు. నేను ఇంట్లో కూర్చుని ప్రకటనల కంపెనీలకి తెలుగు రాసిపెడతాను. పది మాటల్లో చెప్పేదాన్ని మూడు మాటల్లోకి కుదించడం నా పని. ఏళ్ల తరబడి అదే చేసీ చేసీ, ఎక్కడ నాలుగు మాటలు ఎక్కువ కనిపించినా చెయ్యి దురద పెడుతుంది. ఆ దురదే కొంప ముంచింది. నా కొంప కూడా కాదు, వేరేవాళ్లది.

ఇంటాయన ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి మానేశారు. చాలా ఏళ్లుగా ఒక దినపత్రికకి మా మండలం విలేకరి. నేను ఆయన్ని బాబాయి గారనీ, వాళ్లావిడని పిన్ని గారనీ పిలిచేదాన్ని. మా వీధికి పొద్దున్నే పేపరు రాగానే మొదటి పేజీ ఎవరూ చూడరు. ఢిల్లీలో ప్రభుత్వం పడిపోయినా సరే, ముందు లోపలి నుంచి జిల్లా పేజీలు లాగుతారు. అరుగుల మీద, గేట్ల దగ్గర, ఒక చేతిలో కాఫీ గ్లాసుతో, ఇంకో చేత్తో తమ పేరు వెతుక్కుంటారు. దొరికితే పక్కింటివాళ్లకి వినపడేలా దగ్గుతారు.

నాకు అదంతా ఉచిత వినోదం. బస్టాండులో ఫ్యాను తిరగడం లేదని ఒకరోజు వార్త. వారం తర్వాత తిరుగుతోందని ఇంకో వార్త, ఫ్యాను కింద నిలబడి పైకి చూస్తున్న ఏడుగురి ఫొటోతో. ఏడుగురి పేర్లూ ఉన్నాయి. కొబ్బరి దింపు తీస్తుంటే బొండాం పడి ఆటో అద్దం పగిలితే దానికి రెండు కాలమ్‌లు. నేను వీటన్నిటినీ ఫొటోలు తీసి హైదరాబాదులో మా స్నేహితురాళ్ల గ్రూపులో పెట్టేదాన్ని. వాళ్లు పడీ పడీ నవ్వేవాళ్లు. ఇంకా పంపవే, ఇంకా పంపవే అనేవాళ్లు. నేను పెద్ద హాస్యరచయిత్రినైపోయినట్టు మురిసిపోయేదాన్ని.

నన్ను అన్నిటికంటే నవ్వించింది ప్రతి వార్త చివరా ఉండే పేర్ల వరస. "కార్యక్రమంలో" అని మొదలుపెట్టి, రైలు పెట్టెల్లా ఇరవై పేర్లు, ఇంటిపేర్లతో సహా. చివర "తదితరులు పాల్గొన్నారు". ఒకసారి బాబాయి గారినే అడిగాను, ఈ పేర్లన్నీ ఎవరు చదువుతారండీ అని.

"పేర్లే వార్తమ్మా," అన్నారాయన, నేను ఎంత తెలివితక్కువ ప్రశ్న వేశానో తెలియనివ్వకుండా. "మిగతాదంతా పేర్లకీ పేర్లకీ మధ్య సందు. మా ఊళ్లో ఒకాయన పేరు వాళ్ల తోడల్లుడి పేరు తర్వాత వేసేనని నాలుగు నెలలు నాతో మాట్లాడలేదు. ఇక తదితరుల్లో కలిపేసేనంటే, ఇంటికొచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెట్టి లోపలికి రమ్మననట్టే."

నేను అది కూడా గ్రూపులో పెట్టాను.

ఆ ఫిబ్రవరిలో బాబాయి గారికి కంట్లో శుక్లం తీశారు. కంటికి కట్టు, నల్ల కళ్లద్దాలు, ఫోను చూడకూడదని డాక్టరు గట్టిగా చెప్పారు. రెండో కన్ను అంతకుముందే అంతంత మాత్రం. ఆయన నోటితో చెబితే నేను ఫోన్లో కొట్టి పంపడమని ఒప్పందం. పిన్ని గారు అడిగారు, నేను సరదాగా ఒప్పుకున్నాను.

రెండు వారాలు బుద్ధిగానే చేశాను. అప్పుడు లాకుల దగ్గర ఆ సంఘటన జరిగింది. కాలేజీకి స్కూటీ మీద వెళ్తున్న ఒక అమ్మాయి, ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే పక్కకి తిప్పబోయి కాలవలో పడిపోయింది. దాళ్వా చేలకి, అంటే రెండో పంటకి, నీళ్లు వదిలే రోజులు, కాలవ నిండుగా పోతోంది. లాకుల దగ్గర పనిచేసే లస్కరు దూకి ఆ అమ్మాయిని బయటికి లాగాడు. లస్కరంటే కాలవ మనిషి. లాకు తలుపులు ఎత్తడం, దించడం, గట్టు చూసుకోవడం, అడ్డం పడ్డ గుర్రపుడెక్క తీయించడం ఆయన పని. యాభై దాటిన మనిషి, ఇరవై రెండేళ్లుగా అక్కడే, కానీ పర్మినెంటు కాదు. మధ్యాహ్నం మళ్లీ దిగి స్కూటీని కూడా తాడు కట్టి తీయించాడు.

సాయంత్రం నీటి సంఘం అధ్యక్షుడు గారు పెద్దలందరినీ వెంటబెట్టుకుని లాకుల దగ్గరికి వచ్చి లస్కరుకి శాలువా కప్పారు. బాబాయి గారు నన్ను ఫొటో తీయమని పంపారు. నేను ఫొటో తీసి, పెద్దలందరూ వెళ్లాక లస్కరుతో మాట్లాడాను. దూకేటప్పుడు ఏమనుకున్నారు అని అడిగాను.

"ఏవనుకుంటానండి, ఏదీ అనుకోలేదండి," అన్నాడాయన, శాలువాని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెండు చేతుల మీదా మోస్తూ. "అమ్మాయిగారి బ్యాగు ముందు కనపడిందండి. బ్యాగుంటే మనిషి ఉంటారు కదండీ."

ఆ మాట నన్ను పట్టుకుంది. ఇంటికి వచ్చాక, అప్పటికే ఎవరెవరొచ్చారో ఫోన్లో కనుక్కున్న బాబాయి గారు పడక్కుర్చీలో వెనక్కి వాలి వార్త చెప్పడం మొదలుపెట్టారు. నీటి సంఘం అధ్యక్షుడు ఫలానావారు అని మొదలుపెట్టి, సర్పంచ్ గారు, సర్పంచ్ గారి భర్త గారు, ఎంపీటీసీ, సొసైటీ మాజీ, పాస్టరు గారు, గుడి కమిటీ ఛైర్మన్, ఇలా పందొమ్మిది పేర్లు. ఏ పేరు తర్వాత ఏ పేరో ఆలోచించి ఆలోచించి, రెండుసార్లు వెనక్కి వెళ్లి మార్చారు కూడా. నేను ఆయన చెబుతున్నంతసేపూ వేళ్లు ఆడించాను. కొట్టింది మాత్రం వేరే. బ్యాగుతో మొదలుపెట్టాను. నీళ్లు, బ్యాగు, మనిషి. లస్కరు పేరు ఒక్కటే. చివర "పలువురు పెద్దలు అభినందించారు" అని ఒక్క ముక్క. ఫొటో కూడా ఆయన ఒక్కడే ఉన్నది, నేను తర్వాత తీసింది, పంపాను. బాబాయి గారికి కనపడదు కదా అనే ధైర్యం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మర్నాడు జిల్లా పేజీ నడినెత్తిన వేశారు, చుట్టూ గీత గీసి, పెద్ద అక్షరాల్లో. నా ఆనందం పట్టలేక మేడ మీద నుంచి వీధిలోకి తొంగి చూశాను, ఎవరు చదువుతున్నారో అని. అందరూ చదువుతున్నారు. ఎవరూ దగ్గడం లేదు. ఎదురింటి సొసైటీ మాజీ గారు పేపరుని నాలుగు మడతలు పెట్టి, లేచి లోపలికి వెళ్లిపోయారు. పక్కింటి గేటు గట్టిగా పడింది.

కిందకి వెళ్లాను. రోజూలాగే బాబాయి గారు చదివి వినిపించమన్నారు. ఉన్నది ఉన్నట్టు చదివాను. ఆయన చివరి దాకా విన్నారు.

"పేర్లు?" అన్నారు.

"డెస్కులో కోసేసినట్టున్నారండీ," అన్నాను. నోట్లోంచి అబద్ధం అంత సులువుగా వస్తుందని నాకే తెలియదు.

ఆయన ఫోను ఇమ్మని, రాజమండ్రి డెస్కుకి పిన్ని గారి చేత కలిపించి మాట్లాడారు. నేను అక్కడే నిలబడ్డాను. "అలాగా... ఆయ్... ఆయ్... వచ్చిందే అంతా అంటారు... సరే లెండి." ఫోను పిన్ని గారికి ఇచ్చేశారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"అమ్మా," అన్నారు చివరికి, "వార్త చాలా బాగా రాసేరు. నేను ఇన్నేళ్లలో అంత బాగా రాయలేదు. కానీ నన్నొక్క మాట అడగాల్సింది."

ఆ మధ్యాహ్నం నుంచి ఫోన్లే ఫోన్లు. ప్రతివాళ్లకీ ఒకటే సమాధానం చెప్పారు: "కళ్లు కనపడక చెప్పడం మర్చిపోయేనండి, తప్పు నాదండి." నేను పక్కనే ఉండి వింటున్నాను. ఒక్కసారి కూడా నా వైపు తిరగలేదు.

ఇది ఇంతటితో పోతే నాలుగు రోజులు తల దించుకుని తిరిగి మర్చిపోయేదాన్నేమో. మర్నాడు పొద్దున్న లస్కరు వచ్చాడు. గేటు అవతలే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఒక కాగితం.

ఆ కాగితం సంగతి బాబాయి గారు నాకు తర్వాత విడమరిచి చెప్పారు. వేసవిలో కాలవలు కట్టేసేముందు, ఈ లస్కరు పని సవ్యంగా చేశాడు, వచ్చే ఏడాదికి కూడా ఇతన్నే ఉంచండి అని నీటి సంఘం అధ్యక్షుడు సంతకం పెట్టిన కాగితం ఇంజనీరు ఆఫీసుకి వెళ్లాలి. ఇరవై రెండేళ్లుగా అలాగే వెళ్తోంది. వెళ్లకపోతే ఆ చోటుకి ఇంకొకరిని పెట్టుకుంటారు. ఈసారి కాగితం వెళ్లడానికి పది రోజులు గడువు ఉంది.

"నిన్న అధ్యక్షుడు గారి దగ్గరికి తీసుకెళ్లేనండి బాబుగారండి," అన్నాడు లస్కరు. గొంతులో ఫిర్యాదు కూడా లేదు. "పేపరువాళ్లే నీకు కావాల్సినవాళ్లు కదా, సంతకం కూడా వాళ్లచేతే పెట్టించుకో అన్నారండి. నేనే దగ్గరుండి అలా రాయించుకున్నానని ఎవరో చెప్పేరటండి. నేనేవీ చెప్పలేదండి. ఈ మేడమ్ గారు అడిగితే బ్యాగు సంగతి చెప్పేనండి, అంతేనండి."

నేను నోరు తెరవబోయాను. బాబాయి గారు చెయ్యి ఎత్తి ఆపారు. "నువ్వెళ్లు, నేను చూస్తాను," అని లస్కరుని పంపించి, నాతో అన్నారు, "ఇప్పుడు మీరు చేసేరని చెబితే కొత్తగా ఇంకో గొడవండి. బ్యాంకు వాళ్లావిడ చేతే రాయించుకున్నాడంటారు."

సాయంత్రం నేను బాబాయి గారిని నా స్కూటీ మీద కూర్చోబెట్టుకుని అధ్యక్షుడు గారింటికి వెళ్లాను. పెరట్లో కొబ్బరి ఒలుపు జరుగుతోంది. పీచు కుప్పల పక్కన మాకు కుర్చీలు వేయించారు. ఆయన అరవై ఏళ్ల మనిషి, తెల్ల చొక్కా, మెత్తటి గొంతు. హైదరాబాదులో కోపమొస్తే గొంతు లేస్తుంది. ఇక్కడ అండీలు పెరుగుతాయి. ఆ సంగతి నాకు ఆ కుర్చీలో తెలిసింది.

"రండి రండి, కూర్చోండమ్మా, బొండాలు కొట్టించమంటారా, కాదనకండి, మా ఇంటికొచ్చి ఊరికే ఎలా వెళ్తారండి," అంటూనే ఉన్నారు. బొండాం తాగాం. ఇంకోటి తాగాం. బాబాయి గారు మెల్లిగా కాగితం మాట ఎత్తారు.

"సంతకానిదేవుందండీ, చూద్దాం లెండి," అన్నారాయన. ఆ ఊళ్లో చూద్దాం లెండి అంటే చూడనని అర్థం, ఆరు నెలల్లో ఆ మాత్రం నేర్చుకున్నాను. తర్వాత ఆయన మా ఇద్దరినీ కాకుండా ఒలుపు మనుషుల వైపు చూస్తూ అన్నారు: "శాలువా కొన్నది నేనండి. కప్పింది నేనండి. నలుగురినీ పోగేసింది నేనండి. అతను మంచివాడు కాదని నేనేనాడూ అనలేదండి. రాజోలులో మా వియ్యంకుడు గారికి ఫోన్ చేసి, రేపు పేపరు చూడండి అని చెప్పేనండి. ఆయన చూసి, ఏవండీ ఎక్కడా మీ పేరు కనపడలేదేంటండీ అని అడిగేరండి."

నేను అప్పటిదాకా ఆయన్ని ఒక గర్విష్ఠి అనుకుంటూ కూర్చున్నాను. ఆ ఒక్క మాటతో నాకు ఆయన మొహంలోకి చూడటం కష్టమైంది. మంచి పని చేసిన మనిషిని మెచ్చుకుందామని సొంతంగా బయల్దేరిన పెద్దాయన. ఆయన్ని "పలువురు పెద్దల్లో" కలిపేసింది నేను, బాగా రాద్దామని. అయినా లస్కరు మీద తీర్చుకోవడం అన్యాయమే, అది కూడా గట్టిగా అనిపించింది. రెండూ ఒకేసారి అనిపిస్తుంటే, బొండాం పట్టుకుని కూర్చున్నాను.

ఇంటికి వచ్చాక బాబాయి గారు గేటు దగ్గర దిగుతూ అన్నారు: "సన్మానం పెట్టాలమ్మా."

"లస్కరుకా?"

"ఇంకా నయం. అధ్యక్షుడు గారికి. నీటి సంఘం సిబ్బందిని చక్కగా నడిపించి, ఒక ఆడపిల్ల ప్రాణం నిలబెట్టిన దానికి."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నీళ్లలోకి దూకింది ఒకరు, సన్మానం ఇంకొకరికి. కానీ పది రోజుల్లో ఇంకేం చేయగలమో నాకూ తోచలేదు. సవరణ వేయిస్తే, అప్పటిదాకా గమనించనివాళ్లు కూడా గమనిస్తారట. కొత్త వార్తే పాత వార్తని చెరుపుతుందని ఆయన లెక్క.

పిలుపులు నా బాధ్యత. ఫోన్లో చెప్తానంటే పిన్ని గారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. పందొమ్మిది మంది ఇళ్లకీ మనిషి వెళ్లి పిలవాలి. ఆడవాళ్లకి బొట్టు పెట్టి పిలవాలి. ఒకరింటికి పొద్దున్న వెళ్లి, ఆయనకంటే పెద్దవాళ్లింటికి సాయంత్రం వెళ్తే పొద్దున్న పిలిచినందుకు వాళ్లకి సంతోషం, సాయంత్రం పిలిచినందుకు వీళ్లకి కోపం. కాబట్టి ఏ ఇంటి తర్వాత ఏ ఇల్లో పిన్ని గారు కాగితం మీద రాసి ఇచ్చారు. మూడు రోజులు, స్కూటీ బుట్టలో కుంకుమ భరిణె పెట్టుకుని, మండుటెండలో తిరిగాను. ప్రతి ఇంట్లోనూ కాఫీ. వద్దంటే మా ఇంట్లో తాగరా అండి అంటారు. ప్రతి కాఫీతోపాటు ఒకటే ప్రశ్న: "మీ బాబాయి గారికి చూపు ఎలా ఉందండీ?" మర్యాదగా, ఒక కనుబొమ్మ లేపి. సొసైటీ మాజీ గారు మాత్రం, "పేర్లు చెప్పడానికి కళ్లెందుకమ్మా, నోరుంటే చాలదూ?" అనేశారు.

రాత్రి ఇంటికి వచ్చి మంచం మీద పడితే మా ఆయన లెక్క అడిగేవాడు, ఇంకా ఎన్నిళ్లు, ఇంకా ఎన్ని రోజులు అని. గ్రూపులో స్నేహితురాళ్లు ఏవే, ఈమధ్య వార్తలేం లేవా అని అడుగుతున్నారు.

గడువు రెండు రోజులు ఉందనగా, హైస్కూలు హాల్లో సభ. శాలువాకి బదులు బండారులంక నేత పంచెల చాపు, పూలదండ, జ్ఞాపిక. పందొమ్మిది మందీ వచ్చారు. వేదిక మీద కుర్చీలు పదిహేనే ఉంటే, తరగతి గదుల్లోంచి ఇంకో నాలుగు మోయించారు. మోసింది లస్కరే. తర్వాత దండ ఉన్న పళ్లెం పట్టుకుని వేదిక పక్కన మెట్ల దగ్గర నిలబడ్డాడు. చొక్కా జేబులో ఆ కాగితం మడత కనిపిస్తూనే ఉంది.

కాలవలో పడిన అమ్మాయినీ వాళ్ల నాన్ననీ కూడా పిలిచాం. ఆమె చేత నాలుగు మాటలు మాట్లాడించాలని హెడ్మాస్టరు గారి పట్టు. ఏం మాట్లాడాలో వాళ్ల నాన్న చెప్పి పంపినట్టున్నాడు. ఆ పిల్ల మైకు పట్టుకుని గౌరవనీయులైన అధ్యక్షులు గారు అని మొదలుపెట్టి, ఆగిపోయింది. తల తిప్పి మెట్ల వైపు చూసింది.

"నన్ను బయటికి తీసింది..." అంది.

అధ్యక్షుడు గారి మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ, కుర్చీ చేతి మీద వేళ్లు బిగిశాయి. బాబాయి గారు నల్ల కళ్లద్దాలతో సహా మొహం అంతా అటు తిప్పారు. ఆ అమ్మాయి నిజం చెప్పాలని నాకు ప్రాణం కొట్టుకుంటోంది, చెప్పకూడదని కూడా కొట్టుకుంటోంది. అప్పుడు చూశాను. మెట్ల దగ్గర పళ్లెం పట్టుకున్న మనిషి, ఎవరికీ కనపడకుండా, వద్దన్నట్టు చిన్నగా తల అడ్డంగా ఊపాడు.

ఆ పిల్ల రెండు క్షణాలు అలాగే చూసింది. కళ్లనిండా నీళ్లు. "ఈ ఊరి పెద్దలందరూ కలిసి అండి," అని ముగించి, మైకు కింద పెట్టి ఏడ్చేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. కృతజ్ఞతతో ఏడ్చిందనుకున్నారు.

చాపు కప్పించుకున్నాక అధ్యక్షుడు గారే పిలిచారు. "ఏవోయ్, ఆ కాగితవేదో అడిగేవు కదా, ఏదీ?" అని పదిమందిలో, మైకు దగ్గరే, జేబులోంచి పెన్ను తీసి సంతకం పెట్టారు. చాలా ప్రేమగా భుజం కూడా తట్టారు. అది నటన అని నేననలేను. ఆయన మనసులో అప్పటికి నిజంగానే ఏమీ లేదు.

సాయంత్రం వార్త రాశాం. బాబాయి గారు చెబుతున్నారు, నేను కొడుతున్నాను. ఈసారి ఒక్కో పేరు కొట్టి, పైకి చదివి, సరే అన్నాకే రెండో పేరు. పందొమ్మిదీ పూర్తయ్యాయి.

"లస్కరు పేరు చెప్పలేదండి," అన్నాను.

"వేయొద్దని అతనే చెప్పేడమ్మా," అన్నారాయన.

మర్నాడు పేపర్లో ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. వీధంతా దగ్గులు. రాజోలు నుంచి వియ్యంకుడు గారు కూడా ఫోన్ చేశారట. ఫొటోని పక్కన కోసేశారు, లస్కరు లేడు. పళ్లెం పట్టుకున్న రెండు చేతులు మిగిలాయి.

నేను లాకుల దగ్గరికి వెళ్లాను. కాలవ కట్టేసే రోజులు దగ్గరపడి నీళ్లు తగ్గాయి. ఆయన తలుపు చక్రానికి గ్రీజు పూస్తున్నాడు. నన్ను చూసి లేచి, చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. కాగితం ఆఫీసులో ఇచ్చేశానని చెప్పాడు. నేను ఇంక ఆగలేక, ఆ పేర్లన్నీ కొట్టేసింది నేనే, బాబాయి గారు కాదు, మీ మీదకి ఇదంతా తెచ్చింది నేనే, క్షమించండి అని ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

"అయ్యో, అంత మాటెందుకండి," అన్నాడు. "మంచే రాసేరండి. మా ఇంటావిడకి చదువు రాదండి. మా అమ్మాయి చేత నాలుగుసార్లు చదివించుకుందండి."

ఆ మాట వినకుండా ఉంటే బాగుండేదనిపించింది. నీళ్ల వైపు చూస్తూ నిలబడ్డాను. గట్టు మీద ఒక స్కూటీ వెళ్లింది. ఆయన అది మలుపు తిరిగేదాకా చూశాడు.

"మేడమ్ గారండి, ఒక్క మాటండి," అన్నాడు. "మళ్లీ ఎవరన్నా పడతారండి. ఈ మలుపులో ఏడాదికొకరు పడతారండి. పడితే దూకుతానండి, దూక్కుండా చూస్తూ ఎలా ఉంటానండి. కానీ మీరు మాత్రం రాయకండి."

రాయనన్నాను. ఆయన ఆ మాట నమ్మాలో వద్దో అన్నట్టు ఇంకోసారి నా మొహంలోకి చూసి, కూర్చుని గ్రీజు డబ్బా దగ్గరికి లాక్కున్నాడు.